వేగపు కారు - నిత్యపు దారి

పట్టుచీర కొనబోవునప్పుడు మన సోదరీమణులు చూపు శ్రద్ధ అందఱును ఎఱిగినదే. మడత విప్పించి చూతురు. దీపపు వెలుగు చాలదని వాకిటి వెలుతురులోనికి తెచ్చి చూతురు. అంచు తిరుగవేసి నేత పరీక్షింతురు. తోడికోడలిని పిలిచి ఆమె మాటయు విందురు. అంతకు ఎన్నియో రెట్లు వెలగల కారు ఇంటికి వచ్చునప్పుడు మాత్రము ఈ శ్రద్ధ ఏమగునో తెలియదు. పురుషులు అంకెలు చదువుదురు, పిల్లలు రంగు నిర్ణయింతురు, బయానా చెల్లింతురు. ఆ బండిని దినదినము నడుపవలసిన గృహిణిని మాత్రము, తాళపుచెవి చేతికిచ్చునప్పుడు, "నీకు నచ్చిందా?" అని అడుగుదురు. అప్పుడు ఆమె ఏమి చెప్పగలదు?

ఈ నెల హైదరాబాదులోని ఉప్పల్ నుండి ఒక సోదరి మాకు వ్రాసిన లేఖ ఈ విషయముననే. అందలి ముఖ్యభాగమును ఆమె అనుమతితో ఇచ్చట ఇచ్చుచున్నాము.

"మా యింట నెల దినములనుండి ఒకటే వాదము. అబ్బాయికి ఉద్యోగమైనది. వాని జీతమును వారి జీతమును కలిపి కారు కొనవలెనని అనుకొన్నాము. హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ అను బండి అందఱికిని నచ్చినది. అందు రెండు విధములట. ఒకటి మనము చేతితో గేరు మార్చునది, రెండవది తానే మార్చుకొనునది. అబ్బాయికి మొదటిదియే కావలెను. వారును వాని పక్షమే. కాని వారమునకు ఆఱు దినములు నడుపునది నేను. అందు మూడు దినములు మా అత్తగారిని డయాలిసిస్ కొఱకు సికింద్రాబాదు తీసికొనిపోవలెను. రెండేండ్లనుండి నాకు ఎడమ మోకాలు నొప్పి. 'నెల రోజుల్లో అలవాటైపోతుందమ్మా' అని అబ్బాయి అనుచున్నాడు. వాని మొదటి జీతపు ముచ్చట. నా నొప్పి చెప్పి దానిని చెఱుపుట ఎందుకని ఊరకున్నాను. ఏది మంచిదో మీరు తెలుపగోరెదను."

ఈ ఊరకుండుటయే మాకు మిక్కిలి కష్టము తోపించినది. కారు సంగతి తరువాత చూడవచ్చును. ఇంటిలో నొప్పి గలవారు నొప్పి యని చెప్పకున్న, తక్కినవారు ఎంత ప్రేమ గలవారైనను తప్పుగానే నిర్ణయింతురు. కనుక మేము ఆమెకు మొదట వ్రాసినది ఒక్క వాక్యమే: "మోకాలి మాట ఈ రాత్రి భోజనముల వేళ అందఱి యెదుట చెప్పుడు, పిదప కారు చూడబోవుదము." ఆమె చెప్పినది. కుమారుడు కొంతసేపు మాటలాడక, "ముందే చెప్పొద్దా అమ్మా?" అన్నాడట. ఆ తరువాత వారు కోరగా మేమును వారితో కూడ బండిని పరీక్షింప పోయితిమి.

మొదట ఈ బండి ఎట్టిదో తెలిసికొందము. ఐ20 అను సాధారణపు కారును మన పాఠకురాండ్రు అనేకులు వీధులలో చూచియుందురు. 2023వ సంవత్సరపు మార్పుల పిదప ఆ సాధారణపు రూపములో 1.2 లీటరు పెట్రోలు యంత్రము కలదు. చేతిగేరు గలదానికి దాని శక్తి 83 అశ్వశక్తి. ఎన్ లైన్ అనునది దానికే వేగపు రూపము. ఇది మన దేశమున 2021 సెప్టెంబరులో వెలువడినది. దీని యంత్రము 998 ఘనసెంటీమీటర్లది, మూడు సిలిండర్లది. పరిమాణమున చిన్నదైనను దీని శక్తి 120 అశ్వశక్తి. బండిని లాగు బలము, దీనినే టార్కు అందురు, 172 న్యూటన్ మీటర్లు.

చిన్న యంత్రమునకు ఇంత బలము టర్బో వలన వచ్చినది. పొయ్యిని గొట్టముతో ఊదినయెడల అవే కట్టెలు ఎక్కువగా మండుట మనము చూచినదే. టర్బోయు అటువంటిదే. యంత్రమునుండి వెలువడు వేడిపొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రము మఱియొక చక్రమును త్రిప్పి, గాలిని ఒత్తి యంత్రములోనికి పంపును. గాలి హెచ్చినకొలది పెట్రోలును హెచ్చుగా మండింపవచ్చును. అయితే పొగ బలముగా వచ్చువఱకు చక్రము బలముగా తిరుగదు. కావున నిమిషమునకు సుమారు 1500 చుట్లకు లోబడి యంత్రము తిరుగునప్పుడు ఈ బండి కొంచెము మందముగా నుండి, అటు పిమ్మట చురుకు చూపును. ఈ గుణమును జ్ఞాపకముంచుకొనుడు. మన నిర్ణయమునకు పనికివచ్చును.

ఇక రెండు విధముల సంగతి. తొలుత 2021లో ఈ బండికి క్లచ్చి పెడలు లేక గేరుకఱ్ఱ మాత్రముగల ఒక మధ్యరకము ఉండెడిది. 2023 సెప్టెంబరులో దానిని తీసివేసి, క్లచ్చితో కూడిన ఆఱు గేర్ల చేతిపద్ధతిని పెట్టిరి. దీనిలో ఎడమకాలితో క్లచ్చి త్రొక్కి, ఎడమచేతితో గేరు మార్చవలెను. రెండవ విధము ఏడు గేర్ల జంట క్లచ్చి పద్ధతి. దీనిలోను క్లచ్చి కలదు, ఒకటి కాదు, రెండు కలవు. ఒకటి, మూడు, ఐదు, ఏడు గేర్లకు ఒక క్లచ్చి. రెండు, నాలుగు, ఆఱు గేర్లకు మఱియొకటి. బండి రెండవ గేరులో పోవుచుండగానే మూడవది సిద్ధమై కాచుకొనియుండును. ఒక క్లచ్చి వదలునంతలో రెండవది పట్టును. ఈ పనియంతయు యంత్రమే చేయును గాన మన యెడమకాలికి పని యుండదు. నడుపువారు కోరినయెడల స్టీరింగు చెంతనున్న మీటలతో తామే గేరు మార్చుకొనవచ్చును.

షోరూములలో సాధారణముగా ఖాళీ దారిని పది నిమిషములు త్రిప్పి తీసికొనివత్తురు. ఖాళీ దారిలో ప్రతి కారును మంచిదే. మేము ముందుగనే మాటలాడి, ఉదయము తొమ్మిది గంటల వేళ, ఆ సోదరి ప్రతి వారము పోవు దారినే పోయితిమి: ఉప్పల్ కూడలినుండి హబ్సిగూడ, తార్నాక, మెట్టుగూడ మీదుగా సికింద్రాబాదు. చక్రము ఆమె చేత, ప్రక్కన కుమారుడు, వెనుక అత్తగారును మేమును.

మొదటి దినము చేతిగేరు బండి. నడుపుట ఆమెకు చక్కగా వచ్చును. మేము వెనుక కూర్చుండి ఆమె ఎన్నిసార్లు క్లచ్చి త్రొక్కుచున్నదో లెక్కించితిమి. మెట్టుగూడ చేరకమునుపే నూఱు దాటినది. అందు సగము పైగా మొదటి గేరుకును రెండవ గేరుకును నడుమనే. బండికి బలము కలదు, నిజమే. కాని ఆ బలము మేల్కొనుటకు వలసినంత వేగము ఆ దారిలో ఆ వేళ దొరకలేదు. ముందు బస్సు వెనుక పది అడుగులు జరుగుట, ఆగుట, మరల జరుగుట. యంత్రము మందముగానుండు ఆ స్వల్పవేగమున క్లచ్చిని సగము పట్టి, సగము వదలి నడుపవలసివచ్చినది. తార్నాకవద్ద ఒక మారు బండి కుదిపినది. అత్తగారు ముందు సీటును పట్టుకొన్నారు. సికింద్రాబాదున దిగినప్పుడు సోదరి ఎడమకాలు చాచి, కొంతసేపు అట్లే నిలుచున్నది. కుమారుడు ఆ కాలివంక చూచుట మేము చూచితిమి.

రెండవ దినము జంట క్లచ్చి బండి. దారియు వేళయు అవియే. ఆమె భుజములు మునుపటి దినమువలె బిగిసియుండలేదు. దృష్టియంతయు దారిమీదనే యున్నది. రెండు పర్యాయములు మోటారుసైకిళ్లు అడ్డము రాగా మునుపటికన్న ముందుగా గమనించినది. కాలికి సుఖమే గాక, ఇట్లు మనస్సునకు పని తగ్గుట కూడ ఒక రక్షణయని మాకు తోచినది. డయాలిసిస్ అయిన పిమ్మట రోగికి బడలిక మెండు. కొందఱికి రక్తపు పోటు తగ్గి తల తిరుగును, కండరములు పట్టుకొనును. అట్టివారిని ఇంటికి తెచ్చునప్పుడు కుదుపులేని నడక ఔషధము వంటిది.

అయినను ఈ రెండవ విధమునకును లోపము కలదు. దానిని దాచుట న్యాయము కాదు. ఈ బండిలోని జంట క్లచ్చి నూనెలో మునుగనిది, పొడిది. అది జాఱి పట్టునప్పుడు రాపిడివలన వేడి పుట్టును. ఆ వేడి గాలికి తప్ప మఱి దేనికిని పోదు. ముందుబండి అంగుళము జరుగగానే మనమును అంగుళము జరుపుచు పోయినచో, క్లచ్చి ఎప్పుడును సగము పట్టియే యుండి వేడెక్కును. ఈ రకపు పద్ధతి ఎవరి బండిలోనున్నను ఈ గుణము తప్పదు. కావున నడుపువారు మూడు నియమములు పాటింపవలెను. ఒకటి: ముందు కొంత చోటు ఏర్పడువఱకు బ్రేకు త్రొక్కి ఆగి, పిదప ఒక్కసారిగా కదలవలెను. రెండు: ఎత్తుదారిపై ఆగినప్పుడు బండిని బ్రేకుతో నిలుపవలెనుగాని యాక్సిలరేటరుతో నిలుపరాదు. మూడు: క్లచ్చి వేడెక్కినదని ఎదుటి పలకమీద హెచ్చరిక కనబడినచో దారిప్రక్క ఆపి, గేరును 'పి' స్థానమున నుంచి, చల్లాఱనీయవలెను. అన్నపు గిన్నెను ఎప్పుడు దింపవలెనో ఎఱిగిన మన స్త్రీలకు ఈ మూడును కష్టములు కావు.

చేతిగేరునందు సగము క్లచ్చి పట్టుట చెఱుపు చేయదని తలపరాదు. అందును పలక అఱుగును. అయితే ఆ పలకను మార్చుట ఊరిలోని మెకానికులు అనేకులకు తెలిసిన పని, వ్యయమును తక్కువ. జంట క్లచ్చి బాగుచేయుటకు అందఱును చాలరు, వ్యయమును ఎక్కువ. కావున దానిని కొనువారు కంపెనీవారి హామీని ఎన్ని సంవత్సరములు పొడిగింపవచ్చునో, క్లచ్చికి ఆ హామీ ఎంతవఱకు వర్తించునో, ముందుగనే కాగితముమీద చూచుకొనవలెను.

కుమారుని వాదమును మేము తేలికగా తీసివేయలేదు. అతడు మాతో ఇట్లన్నాడు: "చేతిగేరైతే బండి నా మాట వింటున్నట్టు ఉంటుందండీ. ఆటోమేటిక్ అయితే నేనే దాని మాట వినాలి." అందు సత్యము కలదు. వీణను తానే మీటువానికి గల ఆనందము వినువానికి ఉండదు. ఖాళీ దారిలో, ఆదివారమున, ఒంటరిగా పోవువానికి చేతిగేరు మంచి తోడు. తాడేపల్లిగూడెమునందో తణుకునందో కాపురముండి, ఊరికిని ఊరికిని నడుమ తిరుగువారికైనచో మేమును అదియే కొనుడని చెప్పియుందుము. తిరుమల కొండ దిగునప్పుడు చేతిగేరే క్షేమమని అతడన్నది మాత్రము సరికాదు. దిగుదారిలో తక్కువ గేరునందుంచి, యంత్రపు పట్టుతోనే బండిని నెమ్మదిగా దింపుటయే ముఖ్యము. బ్రేకును ఎడతెగక త్రొక్కిన అది వేడెక్కి పట్టు తప్పును. ఆ తక్కువ గేరును జంట క్లచ్చి బండిలోను మీటతో ఏర్పఱచుకొనవచ్చును.

వేగము మాటయు ఒకటి చెప్పవలెను. హైదరాబాదు చుట్టునున్న 158 కిలోమీటర్ల ఔటరు రింగురోడ్డుమీద వేగపు హద్దును 2023లో గంటకు 100 నుండి 120 కిలోమీటర్లకు హెచ్చించిరి. అంతకు మించి పోగల బండి ఉన్నను, ఆ మిగులు వేగము చట్టప్రకారము మనకు పనికిరాదు. వేగపు బండి వలన నిజముగా గలుగు లాభము వేఱు. రెండు వరుసల దారిలో లారీని దాటునప్పుడు ఎదుటి వరుసలో మనముండు కాలము తగ్గును. పెద్దరోడ్డులో కలియునప్పుడు తడబాటు లేకుండును. ఈ ఎన్ లైన్ నందు నాలుగు చక్రములకును డిస్కు బ్రేకులు కలవు. ఈ లాభములు రెండు విధములకును సమానమే.

నెల దినములు గేరును గూర్చి వాదించిన ఆ యింటివారు, రెండు విధములకును సమానమైన మఱియొక సంగతిని మఱచిరి. వేగపు రూపమగుటచే దీని స్ప్రింగులను సాధారణపు ఐ20కన్న బిగువు చేసిరి. టైర్లు 195/55 కొలతవి. అనగా వెడల్పు 195 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ ఎత్తు అందులో నూటికి 55 వంతులు, ఇంచుమించు 107 మిల్లీమీటర్లు. ప్రక్కగోడ పొట్టిదైనకొలది మలుపులలో పట్టు హెచ్చును, గుంతలలో దెబ్బయు హెచ్చును. వృద్ధులు గల ఇంట కొనుటకు ముందు అడుగవలసిన మొదటి ప్రశ్న గేరు కాదు, ఇదియే. వృద్ధురాలికి ఈ బిగువు సరిపడనియెడల రెండు విధములను విడిచి సాధారణపు రూపమునే కొనవలెను.

కావున తిరుగుదారిలో మేము అత్తగారినే అడిగితిమి. ఆమె తొందరపడక ఆలోచించి చెప్పిరి: "నడుమేమీ అనలేదమ్మా. స్పీడు బ్రేకరు దగ్గర అమ్మాయి నెమ్మదిగానే పోనిచ్చింది. ఎక్కేటప్పుడు మాత్రం కిందికి కూలబడ్డట్టయింది." అది నిజమే. ఈ జాతి కారులలో సీటు నేలకు దగ్గరగా నుండును. మేము అప్పుడే ఆమెను ముందరి ఎడమ సీటులో కూర్చుండబెట్టి చూచితిమి. సీటును పూర్తిగా వెనుకకు జరిపి, మొదట ప్రక్కకు తిరిగి కూర్చుండి, పిదప రెండు కాళ్లను కలిపి లోపలికి త్రిప్పుకొనిరి. దిగునప్పుడును అట్లే. "ఇట్లా అయితే హాయిగా ఉంది" అనిరి. కుమారుడు నవ్వి, "నా సీటు పోయింది నాయనమ్మా" అన్నాడు.

ఇక వ్యయము. 2023 సెప్టెంబరులో ధరలు ప్రకటించినప్పుడు రెండు విధములకును నడుమ తేడా లక్ష రూపాయలకు పైగా నుండెను. 2025 సెప్టెంబరు 22వ తేదీనుండి, పొడవు నాలుగు మీటర్లకును, పెట్రోలు యంత్రము 1200 ఘనసెంటీమీటర్లకును మించని కారులపై వస్తుసేవల పన్ను 28 నుండి 18 శాతమునకు తగ్గినది. దానిపై సెస్సును తీసివేసిరి. ఈ బండి పొడవు 3995 మిల్లీమీటర్లు గాన తగ్గింపు దీనికిని వర్తించెను. కాబట్టి పాత ధరల పట్టికను నమ్మక, రిజిస్ట్రేషను, భీమా, హామీ పొడిగింపు అన్నియు కలిపి రోడ్డుమీదికి వచ్చు మొత్తమును రెండింటికిని వ్రాయించుకొనవలెను. తేడాను నెలలకు పంచి చూచినచో, ఏడేండ్లు వాడుకొను బండికి లక్ష రూపాయలు నెలకు పండ్రెండు వందలు కూడ కాదు. ఆమె మోకాలికి ఆ వెల ఎక్కువయని మేమనము.

మా అభిప్రాయమిది. ఆ సోదరి యింటికి జంట క్లచ్చి బండియే తగినది. అది గొప్పదని కాదు. వారి బండి నడుచు దారి రద్దీదారి, నడుపు కాలు నొప్పికాలు, ప్రక్కన కూర్చుండునది రోగి. ఈ మూటిలో ఏ ఒకటి మాఱినను మా సమాధానమును మాఱవచ్చును. దినదినపు ప్రయాణమునకు కారును ఎన్నుకొనువారు మొదట తమ దారిని, పిదప నడుపువారిని, పిదప కూర్చుండువారిని తలచి, అంకెలను కడపట చదువవలెను.

ఈ సంచిక అచ్చునకు పోవుచుండగా ఆమెనుండి మఱియొక జాబు వచ్చినది. బయానా ఇచ్చిరట. రసీదుమీద తన పేరు వ్రాయించినది కుమారుడేనట. ఆదివారములు మాత్రము బండి తనదని షరతు పెట్టినాడట. ఆ షరతు న్యాయమే! మన యిండ్లలో నొప్పులను దాచుకొని ఊరకుండు సోదరీమణులు మఱికొందఱుందురు. ఏ వస్తువు కొనునప్పుడైనను, కొన్న పిదప గాక కొనకముందే నోరు విప్పవలెనని వారిని ప్రార్థించుచున్నాము.